మూడు బ్రాంచీల ఫ్లెక్సీ

నేను ఒక ఫ్లెక్సీ బోర్డుని. చీపురుపల్లిలో ఒక అచ్చు దుకాణంలో పావుగంటలో పుట్టాను. ఇంటి వసారాలో కుట్టుమిషను పెట్టుకున్న పైడితల్లి, "పైడి లేడీస్ టైలర్" అని రాయమంది, అంతే. అచ్చువేసే అతను ఏదో పెద్ద దుకాణానికి చేసిన పాత డిజైన్లో పేరొక్కటే మార్చి, "మాకు మూడు బ్రాంచీలు కలవు" అన్న వరస అలాగే వదిలేశాడు. తన పేరు అంత పెద్దక్షరాల్లో చూసిన మురిపెంలో పైడితల్లి కింది వరస చదవనే లేదు.

నెల తిరక్కుండా నేను కోర్టుకెక్కాను. విడిగా ఉంటున్న భర్త సింహాచలం ఆమెకు నెలనెలా భరణం ఇవ్వాలి. కూతురి చదువు దాని మీదే నడుస్తోంది. అతను నా ఫొటో తీసుకెళ్ళి, తన రాబడి తగ్గిందనీ, భార్య మూడు బ్రాంచీల యజమానురాలైందనీ, భరణం రద్దు చెయ్యమనీ అర్జీ పెట్టాడు. ఎవరి రాబడి మారినా భరణం మార్చే వీలు కోర్టుకి ఉందట.

పైడితల్లి నన్ను చాపలా చుట్టి, చంకన పెట్టుకుని బస్సెక్కింది. బంట్రోతు ఒక కొస, ఆమె ఒక కొస పట్టుకుంటే జడ్జిగారి ముందు విచ్చుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు పడలేదు.

"మిగతా రెండు బ్రాంచీలు ఎక్కడమ్మా?" అన్నారు జడ్జిగారు.

"బ్రాంచీలేవీ నేవమ్మగారూ. వసారాలో మిషనొక్కటే. జాకెట్లు కుడితే నెలకి రెండు మూడేలొస్తాయి. అది దాయను."

అప్పుడు పైడితల్లి లాయరు ఇంకో ఫొటో అందించాడు. సింహాచలం పుట్టినరోజుకి స్నేహితులు కూడలిలో కట్టిన ఫ్లెక్సీ. నల్లకళ్ళద్దాలు, చెవి దగ్గర ఫోను, కింద "ప్రముఖ కాంట్రాక్టర్, దానకర్ణుడు". నాకు రెండింతలుంటాడు. మా జాతికి పెద్దన్నగారన్నమాట.

"కుర్రోళ్ళు సరదాకి రాయించారండి," అన్నాడు సింహాచలం నేల చూస్తూ.

"ఆవిడ బోర్డు నమ్మితే మీదీ నమ్మాలి. మీది నమ్మితే భరణం పెంచాలి. పెంచమంటారా?" అన్నారు జడ్జిగారు.

అతను గబగబా తల అడ్డంగా ఊపాడు.

జడ్జిగారు ఇద్దరి రాబడికీ కాగితాలు తెమ్మన్నారు. తీరా చూస్తే అతనిది తగ్గలేదు, ఆమెది పిల్ల చదువుకి చాలేంత లేదు. భరణం ఉన్నదున్నట్టే ఉంది. నిజంగా మార్పు వచ్చిన రోజున ఎవరైనా మళ్ళీ రావచ్చన్నారు.

ఇంటికి రాగానే పైడితల్లి కత్తెరతో ఆ బ్రాంచీల వరసను నాలోంచి కోసేసి, నడుమ చిల్లు మిగిల్చింది. నొప్పి పుట్టింది, అబద్ధమెందుకు.

మొన్నటి ఈదురుగాలికి ఊళ్ళో ఫ్లెక్సీలన్నీ చిరిగిపోయాయి, కూడలిలో పెద్దన్నగారితో సహా. నా చిల్లులోంచి మాత్రం గాలి తన దారిన తాను పోయింది.