వెంటపడే బండ్లు

సుకన్యకు రోజూ తెల్లవారేది ఫోన్లతోనే.

"సుకన్య గారూ, మా కారు మీ దగ్గరే ఉందా?"

"ఉన్నది సార్. గేటు ముంగట్నే ఉన్నది."

"ఏంటండీ ఇది? తొమ్మిదింటికి నేను ఆఫీసులో ఉండాలి!"

"నేనేమన్న పిలిచిన్నా సార్? అదే వచ్చింది. జర ఆటో ఎక్కి వచ్చి తీస్కపోండ్రి."

ఆ ఫోన్ పెట్టేసేలోపు ఇంకొకటి. ఈసారి బుల్లెట్ బండి ఓనరు. పళ్లు తోముకుంటూనే జవాబు చెప్పి, కిటికీలోంచి లెక్కపెట్టుకుంది. రెండు కార్లు, మూడు మోటార్ సైకిళ్లు. ఇంటి ముందు తళతళా మెరుస్తూ నిలబడి ఉన్నాయి.

స్కూటీ వెనక నీళ్ల క్యాన్లు, చిన్న మోటారు, పాలిష్ డబ్బాలు కట్టుకుని, పిలిచినవాళ్ల ఇంటికే వెళ్లి బండ్లు కడిగి మెరుగుపెట్టడం సుకన్య పని. అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఆమెకు తెలియని అపార్ట్‌మెంట్ సెల్లార్ లేదు. ఆమె చేతిలో పడితే పదేళ్ల కారు కూడా షోరూంలోంచి అప్పుడే దిగినట్టుండేది. వ్యాక్స్ పూసి, మెత్తటి గుడ్డతో తుడిచాక, చివరిగా వట్టి అరచేత్తో ఒకసారి రుద్దేది. గుడ్డకు దొరకని గరుకు చేతికి దొరుకుతుందని ఆమె నమ్మకం. అలా రుద్దించుకున్న బండ్లు రెండు మూడు రోజులపాటు ఆమెను వదలవు. ఎక్కడ పెట్టినా సందు చూసుకుని మధురానగర్‌లోని ఆమె ఇంటికి వచ్చేస్తాయి. ఓనర్లు తిట్టుకుంటారు, ఆటో ఎక్కి వస్తారు, మళ్లీ నెలకు ఆమెనే పిలుస్తారు. అంత మెరుపు ఇంకెవరికీ రాదు మరి.

ఆ శనివారం పొద్దున కాలనీ సంఘం కార్యదర్శి ఫణీంద్ర గారు కాగితం పట్టుకుని వచ్చారు.

"చూడమ్మా, వచ్చే బండ్లు వస్తాయి, కాదనను. కానీ ఓ పద్ధతుండక్కర్లేదా? ఇవాళ స్కూలు బస్సు తిరగలేక అరగంట హారన్ కొట్టింది. ఒక లైన్లో నిలబడమని చెప్పొచ్చుగా వాటికి?"

"చెప్తే ఇంటయా సార్? మనుషులే ఇంటలేరు."

"ఇంకొక్క బండి వచ్చినా ఇల్లు ఖాళీ చేయించమని మీ ఓనరు గారికి రాసిచ్చేశాను. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

ఆరేళ్లుగా ఉంటున్న ఇల్లు అది. నీళ్ల ట్యాంకరు గొడవ లేని ఇల్లు. ఆ చేత్తో రుద్దడమేదో మానేస్తే సరిపోతుంది కదా అనుకుంది సుకన్య, విసుగ్గా చేతికి గ్లౌజు తొడుక్కుంటూ. ఇకనుంచి గుడ్డతోనే సరి.

పదకొండింటికి పక్క వీధిలోని ఆడపిల్లల హాస్టల్ దగ్గరికి పిలుపు వచ్చింది. చెట్టు కింద తెల్ల కారు, దాని నిండా పిట్టల రెట్టలు. ఓనరు నర్సింహులు సూర్యాపేటలో ఎరువుల దుకాణం నడుపుతాడు.

"రేపు పొద్దున సూర్యాపేటల మా అన్న కొడుకు పెండ్లి. పెండ్లికొడుకు ఎక్కేది ఈ కారే. అద్దంలెక్క మెరవాలె చెల్లె," అన్నాడు.

కారులో వెనక సీట్లో అతని కూతురు యశస్విని సంచుల మధ్య కూర్చుని ఉంది. ఒళ్లో లావుపాటి గైడు.

"నాయినా, రేపే నా గ్రూప్స్ పరీక్ష. అది రాసినంక సాయంత్రం బస్సుకు నేనే వస్త."

"నీకు చెప్పి చెప్పి నోరు నొస్తుంది బిడ్డా! ఇంటి ఆడివిల్ల పెండ్లిల లేకుంటే మా అన్న ఏమనుకుంటడు? రెండేండ్లాయె రాయవట్టి. పరీక్షలు మళ్ల వస్తయి. పెండ్లి మళ్ల వస్తదా?"

"మూడు మార్కులతోనే పోయింది పోయినసారి."

"పోయింది కదా!"

ఆ పిల్ల గైడులో ఒక వరస మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకోసాగింది.

సుకన్య కడిగింది, ఆరబెట్టింది, వ్యాక్స్ పూసింది, గుడ్డతో తుడిచింది. బాగానే ఉంది. పెళ్లికి సరిపోతుంది. గుడ్డ మడిచి డబ్బాలో పెట్టి, స్కూటీ దాకా వెళ్లి, వెనక్కి తిరిగి చూసింది. వెనక సీట్లో వేలు ఇంకో వరసకు జరిగింది.

"ఛ, నా పాణానికి!" అంటూ సుకన్య గ్లౌజు ఊడబీకింది. పైకప్పు, తలుపులు, బానెట్, ఆఖరికి ఎన్నడూ చెయ్యి పెట్టని బంపరు కూడా అరచేత్తో గట్టిగా రుద్దింది.

రెండింటికి తెల్ల కారు ఆమె గేటు ముందుకు వచ్చి ఆగింది. నర్సింహులు దిగి చిందులు తొక్కాడు.

"పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కంగనే మళ్లుకున్నది! నువ్వు తుడిచిన బండ్లు గట్లనే చేస్తయని హాస్టలోళ్లు ఇప్పుడు ఫోన్ల చెప్తుండ్రు. నువ్వు ముందుగాల చెప్పొద్దా?"

"మీరు అడగలేదు కదన్నా."

కారు తిప్పుకుని మళ్లీ పోయాడు. ఈసారి ఖైరతాబాద్ దాకా పోనిచ్చి కారు వెనక్కి తిరిగింది. ఆ ట్రాఫిక్‌లో పోయి రావడానికి గంటన్నర. వచ్చేసరికి అరిచి అరిచి నర్సింహులు గొంతు బొంగురుపోయింది. వెనక సీట్లోంచి యశస్విని పైకే చదువుతోంది. బేగంపేట మీదుగా పోయి చూస్తానని మళ్లీ బయల్దేరాడు.

మూడోసారి వచ్చినప్పుడు పొద్దు వాలుతోంది. కారు ఆగింది కానీ ఎవరూ దిగలేదు. సుకన్య మంచినీళ్ల చెంబుతో దగ్గరికి వెళ్లింది. గైడు నర్సింహులు చేతిలో ఉంది. కళ్లజోడు లేదేమో, దూరంగా పట్టుకుని చదువుతున్నాడు.

"రాష్ట్రపతి లేకుంటే?"

"ఉపరాష్ట్రపతి."

"ఆయన సుత లేకుంటే?"

"సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి."

నర్సింహులు పేజీలు తిప్పాడు. మధ్యలోంచి అడిగాడు, చివర్లోంచి అడిగాడు. కూతురికి రాని ప్రశ్న ఒక్కటి దొరికినా కసి తీరేదన్నట్టు వెతికాడు. దొరకలేదు. పుస్తకం మూసి, నీళ్లు తాగాడు.

"ఫోన్ చేసినప్పుడల్ల 'చదువుతున్న నాయినా' అనేది చెల్లె. ఏం చదువుతున్నవని నేను ఒక్కనాడు అడగలే."

అంతలో సూర్యాపేట నుంచి అతని అన్న ఫోన్ చేశాడు. అవతలి అరుపు సుకన్యకు కూడా వినబడింది. కారు మొరాయించిందని చెబితే చాలు, అబద్ధం కూడా కాదు. నర్సింహులు ఒక నిమిషం బానెట్ వైపు చూశాడు.

"నేను బస్సుకొస్త అన్నా. పెండ్లికొడుకును ఇంకో కారుల ఎక్కించుండ్రి. బిడ్డ రాదు. రేపు దానికి పరీక్ష." ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని తిట్లన్నీ అయ్యేదాకా ఆగాడు. తర్వాత కూతురి సంచులు దింపి, సూర్యాపేట బస్సు కోసం మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వెళ్లాడు.

ఆదివారం పొద్దున సుకన్య స్కూటీ మీద ముందు వెళ్తుంటే, యశస్వినిని ఎక్కించుకుని తెల్ల కారు వెనకే వెళ్లింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పోలీసాయన, డ్రైవరు సీటు ఖాళీగా ఉండడం చూసి, "ఇండికేటర్ వెయ్యమని చెప్పమ్మా దానికి!" అని విసుక్కున్నాడు. పరీక్ష అయ్యేదాకా ఇద్దరూ, అంటే సుకన్యా కారూ, గేటు బయట ఎండలో నిలబడ్డారు.

ఫణీంద్ర గారు అన్న మాట నిలబెట్టుకున్నారు. నెలాఖరుకు సుకన్య సామానుతో కృష్ణానగర్ మారింది. అక్కడ నీళ్ల ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుంది, గల్లీ ఇంకా ఇరుకు.

ఏడాది దాటాక ఒక పొద్దున, గేటుకు అడ్డంగా నిలబడ్డ మోటార్ సైకిల్ గురించి ఎదురింటి ఉదయలక్ష్మి గొడవ పెట్టుకుంటుండగా నర్సింహులు ఫోన్ వచ్చింది.

"చెల్లె! మా బిడ్డకు నౌకరొచ్చింది. నీకే మొదలు చెప్తున్న. ఇంట్ల సుత ఇంకా చెప్పలే."

సుకన్య కళ్లు తుడుచుకుంది. చేతికున్న వ్యాక్స్ చెంపకు అంటింది.

ఉదయలక్ష్మి తిట్టడం ఆపి, "ఏమైంది? ఎవరైనా పోయారా ఏంటి?" అంది.

"లేదక్కా. మా యశస్వినికి ఉద్యోగమొచ్చింది."

"ఓ! ఎవరామె, మీ చెల్లెలా?"

"మా అన్న బిడ్డ అక్కా," అంటూ సుకన్య మోటార్ సైకిల్‌ను గేటు ముందు నుంచి పక్కకు నెట్టింది.