తొందర ఉన్నవారు రేపు రండి

పుస్తకాలు కుట్టే బైండరు ప్రతి బుధవారం మధ్యాహ్నం రెండింటికి చేతులకంటిన జిగురు కడుక్కుని, దారం ఉండ డ్రాయర్లో పడేసి, వీధి చివరనున్న కంప్యూటర్ రిపేరు షాపుకి వెళ్తాడు. ఆ షాపు నడిపే ఆవిడని అందరూ డాక్టరమ్మ అంటారు. మూలనపడిన మెషీన్లని బతికించడం ఒక ఎత్తు, పాతికేళ్ల కిందటి ఆటల్ని కొత్త మెషీన్ల మీద ఆడించడం ఇంకో ఎత్తు. ఆ రెండో పనిలో ఆమెకి మంచి పేరుంది.

పాత ఆటలకి ఒక జబ్బు ఉంది. అవి పుట్టిన రోజుల్లో మెషీన్లు నత్తనడక నడిచేవి. రాసినవాళ్లు ఆ నడకనే నమ్ముకుని రాశారు. అదే ఆటని ఇవాళ్టి మెషీన్లో వేస్తే బొమ్మ మనిషి తెర మీదకి రావడం, పరిగెత్తడం, గోతిలో పడి చావడం అన్నీ రెప్పపాటులో అయిపోతాయి. మన వేలు ఇంకా మీట దాకా కూడా వెళ్లదు. అందుకని డాక్టరమ్మ కొత్త మెషీన్ లోపలే ఒక పాత మెషీన్ని ఉత్తుత్తిగా కూర్చోబెట్టి, దాని వేగాన్ని ఒక్కో మెట్టూ దించుకుంటూ వస్తుంది. ఆ వేగం తగ్గేకొద్దీ గది కూడా నెమ్మదిస్తుంది.

పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. కప్పులో పోసే టీ తీరిగ్గా దిగుతుంది. పక్కింటి దర్జీ ఆవిడ సూదిలో దారం ఎక్కించుకోవడానికి ఆ సమయం చూసుకునే వస్తుంది. ఎదురింటి కోడలు ముద్ద నోట్లో పెట్టగానే పారిపోయే కూతుర్ని చంకనెత్తుకుని వస్తుంది. అక్కడ పిల్లకి పారిపోవడం కుదరదు, తల్లికి విసుగూ రాదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది, పనయ్యాక వేగం మళ్లీ పెంచాలి. డాక్టరమ్మకి మతిమరుపు. ఒకసారి పెంచకుండానే కొట్టు కట్టేయబోతే షట్టర్ కిందికి రావడానికి ముప్పావుగంట పట్టింది. అప్పటినుంచి పాత ఆట వేసినప్పుడల్లా గుమ్మానికి ఒక అట్ట తగిలిస్తుంది: "లోపల పాత ఆట నడుస్తోంది. తొందర ఉన్నవారు రేపు రండి."

బైండరుకి ఏనాడూ తొందర లేదు. తొందరంతా అతని చుట్టూ ఉన్నవాళ్లకే. అతనికి మాట తడబడుతుంది, మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుంటుంది. పాపం అవస్థ పడుతున్నాడని జాలిపడి ఎదుటివాళ్లే మిగతాది పూర్తి చేసేస్తారు. సెలూన్లో "కొ... కొ..." అనగానే "కొంచెం పొట్టిగా! నాకు తెలీదా" అంటూ నున్నగా కత్తిరించి పంపుతారు. కాదనాలంటే ఇంకో మాట మొదలుపెట్టాలి కదా, ఆ గొడవకన్నా ఈ గుండే నయం అనుకుని ఊరుకుంటాడు.

అందరికన్నా వేగం అతని అక్కది. ఆమె బస్టాండులో బస్సుల వివరాలు మైకులో చదువుతుంది, గుక్క తిప్పుకోకుండా పదహారు ఊళ్లు చెప్పగలదు. చిన్నప్పుడు తమ్ముణ్ని వెక్కిరించిన పిల్లల్ని బడి గేటు దాకా తరిమింది ఆమే. వాడు నవ్వులపాలు కాకూడదని వాడి మాటల్ని తనే చెప్పడం అప్పుడే మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లయినా మానలేదు. వాడికి నాలుగు పసుపు చొక్కాలు కొనిపెట్టింది కూడా ఆమే. వాడికి పసుపు ఇష్టమని ఎవరు చెప్పారో ఆమెకే తెలియాలి.

మొన్న ఆదివారం ఆమె ఒక సంబరమైన కబురు తెచ్చింది. వేరే ఊళ్లో ఒక పెద్ద ప్రెస్సులో బైండింగు విభాగానికి మనిషి కావాలట, ఉండడానికి గది కూడా ఇస్తారట. "వెళ్తావు కదరా?" అంది, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని.

"నే... నే..."

"నేను రెడీ అంటున్నాడండీ!" అని ఆమె మేనేజరుకి చెప్పేసింది. ఆయన మర్యాదస్థుడు. బుధవారం నాలుగింటికి మళ్లీ చేస్తానని, తమ్ముడి నోటితో ఒక్క మాట వింటే చాలని, సోమవారం నుంచే చేరిపోవచ్చని అన్నాడు.

నేను వెళ్లను, అన్నది బైండరు చెప్పదలుచుకున్న మాట. ఎందుకు వెళ్లడో అది ఇంకా పెద్ద మాట. ఊరు మొత్తం మీద అతని మాట పూర్తి చేయని మనిషి డాక్టరమ్మ ఒక్కర్తే. అతను మొదలుపెడితే ఆమె స్క్రూ బిగించుకుంటూ కూర్చుంటుంది, వాక్యం ఎప్పుడొస్తే అప్పుడు తలెత్తుతుంది. రెండేళ్లుగా అతను ఏదో ఒక పాత డిస్కు పట్టుకుని రావడానికి అదే కారణం. మిగతా వాక్యాలన్నీ ఆమె దగ్గర ఎలాగో ఒకలా గట్టెక్కేవి. అసలు వాక్యం మాత్రం మొదటి అక్షరం కూడా పెగిలేది కాదు.

ఆ బుధవారం అతను తెచ్చింది లాంతరు మనిషి ఆట. చిన్నప్పుడు నాన్న ఆఫీసులోని మెషీన్ మీద అక్కా తనూ ఆడినదే. ఒకే కీబోర్డు, అటూ ఇటూ నడిపించే మీటలు అక్కవి, దూకించే పొడుగు మీట అతనిది. లాంతరు పట్టుకున్న ఆ బుల్లి మనిషిని ఏడో గుహ ఏనాడూ దాటించలేకపోయారు. అక్కడ ఒక రాయి ఊగుతూ ఉంటుంది, అది అటు వెళ్లేదాకా ఆగి దూకాలి. ఆగడం అక్క వల్ల కాదు, అతని మీట కూడా ఆమే నొక్కేసేది.

"ఇది మరీ పాతదండీ," అంది డాక్టరమ్మ, మూడోసారి కూడా లాంతరు మనిషి కనబడీ కనబడక చచ్చిపోయాక. "అడుగుకి దించితే గానీ మాట వినేలా లేదు. ఇంత కిందికి ఎప్పుడూ దించలేదు."

"దిం... దించండి."

ఆమె గుమ్మానికి అట్ట తగిలించి వచ్చి వేగం దించింది. ఫ్యాను దాదాపు ఆగింది. కిటికీ మీది ఈగ ఒక్కో రెక్కా విడివిడిగా ఆడించింది. తెర మీద లాంతరు మనిషి తాపీగా అడుగు వేశాడు.

నాలుగింటికి అక్క ఫోను పట్టుకుని వీధిలో పరుగెత్తుకొచ్చింది. అట్ట చదివే ఓపిక ఆమెకెక్కడిది? గుమ్మం దాటిన కాలు గాల్లో ఉండగానే నిదానం ఆమెని పట్టుకుంది. ఆ కాలు నేలకి ఆనేసరికి, అప్పటికే ఆ నిదానానికి అలవాటుపడ్డ బైండరు లేచి నిలబడి, కుర్చీ జరిపి, చేయి కూడా చాచాడు. "ఒ... రే... య్... మే... నే... జ... రు," అంది అక్క. జీవితంలో మొదటిసారి ఆమె మాటకి అంత సేపు పట్టింది.

ఫోనులో మేనేజరు గొంతు కూడా ఒక్కో అక్షరంగా దిగింది. వస్తున్నట్టేనా అని అడుగుతున్నాడు. అక్క సాయానికి నోరు తెరిచింది గానీ నాలుక ఇంకా కదల్లేదు.

"నేను రావడం లేదండీ," అన్నాడు బైండరు. "ఉద్యోగం మంచిదే. నాకు ఇక్కడే ఉండాలని ఉంది."

మధ్యలో రెండుచోట్ల మాట ఇరుక్కుంది కూడా. కానీ ఎవరికీ తెలియలేదు, ఆ గదిలో అందరి మాటలూ ఇరుక్కునే వస్తున్నాయి. మేనేజరు సరేనని, మంచిదని చెప్పి పెట్టేశాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి చెంపల మీదకి రావడానికి చాలాసేపు పట్టింది.

"మరి నాతో చెప్పలేదేంరా?"

"నువ్వు చెప్పనిస్తేగా." అతను ఫోను అక్క చేతిలో పెట్టాడు. "పసుపు చొక్కాలు కూడా నాకు నచ్చవక్కా."

"అయ్యో, నాలుగూనా!" అని అక్క ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఇద్దరూ ఎదురుచూశారు. తర్వాత ఆమె కుర్చీ లాక్కుని తమ్ముడి పక్కన కూర్చుంది, తన మీటల మీద తన వేళ్లు పెట్టుకుంది.

ఏడో గుహ వచ్చింది. రాయి ఊగుతోంది. అక్క వేలు అలవాటుగా పొడుగు మీట వైపు బయల్దేరింది, దారిలో ఆగింది, వెనక్కి వచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది. రాయి అటు వెళ్లింది. బైండరు దూకించాడు. లాంతరు మనిషి అవతలి గట్టున నిలబడ్డాడు. ఎనిమిదో గుహ ఆకుపచ్చగా ఉంటుందని వాళ్లకి ఇన్నేళ్లూ తెలియదు.

ఆ సంతోషంలో, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే, బైండరు అడిగేశాడు. "డాక్టరమ్మగారూ, మీకు ఇష్టమైతే మనం పెళ్లి చేసుకుందామా?"

డాక్టరమ్మ చేతిలోని స్క్రూ డ్రైవరు బల్ల మీద పెట్టింది. "నే..." అంది.

అక్క నోరు తెరవబోయింది. బైండరు చేయెత్తి ఆపాడు. ఆ మాట ఎటు తిరగొచ్చో అతనికి పది రకాలుగా తెలుసు, అందులో తొమ్మిది అతనికి నచ్చనివి. అయినా ఒక్కటీ అందించలేదు. ఫ్యాను అర చుట్టు తిరిగేదాకా ఓపిగ్గా ఆగాడు.

"నేనూ అదే అనుకుంటున్నానండీ," అంది ఆమె. "రెండేళ్లుగా బుధవారాలు వేరే ఏ రిపేరూ ఒప్పుకోవడం లేదు."

ఆ సాయంత్రం డాక్టరమ్మ వేగం పెంచడం మళ్లీ మరిచిపోయింది. ముగ్గురూ కలిసి షట్టర్ దించడానికి గంట పట్టింది. అక్క ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.