మానని వేళ్లు

అక్క డబ్బా మూత తిప్పిన చప్పుడు వినగానే ఆమె మంచం పట్టె మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. మూడు నెలలుగా ప్రతి ఉదయం ఇదే వరస. మంచాన పడింది అక్క, సేవలు చేయించుకునేది చెల్లెలు. అక్క వేలితో మైనంలాంటి లేపనాన్ని గీరి తీసి, పగిలిన వేలికొసలకు ఒక్కొక్కదానికీ అద్దింది.

"ఇవి మానేదాకా నేనెక్కడికీ కదలనులే," అంది నవ్వుతూ.

ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. చుక్కల అక్షరాల బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో పందొమ్మిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. చదివేది వేళ్లతోనే. అక్క జబ్బు ఇక నయం కాదని పెద్ద డాక్టరు చెప్పిన వారానికే ఆ వేళ్లకు దురద మొదలై, పొక్కులు లేచి, చర్మం పొరలుగా ఊడింది. చర్మం డాక్టరు చేతులు తిప్పి తిప్పి చూసి, "మందు రాస్తానమ్మా. లోపలి దిగులు తగ్గకపోతే మాత్రం మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది," అన్నాడు. దిగులుకు ఏం పూసుకోవాలో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

ప్రెస్సుకు చేరగానే ఆమె ముందు పంపు దగ్గరికి వెళ్లి, సబ్బుతో లేపనమంతా కడిగేసుకుంది. రోజూ అంతే. వేళ్లు భగ్గున మండుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అయినా ప్రాణానికి హాయిగా ఉంటుంది. వేళ్లు మానకపోతే అక్క కదలదు. మాటిచ్చింది కదా. నలభై రెండేళ్లొచ్చి ఇదేం పిచ్చి అని తనకే అనిపిస్తుంది, కానీ చేతులు పంపు కిందికే వెళతాయి.

గదిలో మందపు కాగితాల వాసన. పక్కగదిలో యంత్రం ఉయ్యాల ఊగినట్టు చప్పుడు చేస్తోంది. పగిలిన వేళ్లకు చుక్కలు అందక, ఆమె పేజీని కింది పెదవికి ఆనించి, జరుపుకుంటూ, ఒక్కో వరుసా పైకి చదివింది. సముద్రం మీద పాఠం. చుక్కలు పెదవి మీద సన్నటి తుంపరలా తగులుతుంటే, పదేళ్ల అక్క ఆరేళ్ల తనను చెయ్యిపట్టుకుని అలల్లోకి దింపుతోంది. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. చెయ్యి మాత్రం వదలడం లేదు.

"పాఠం చదువుతున్నావా, ముద్దాడుతున్నావా?" అన్నాడు మూలప్రతి పట్టుకుని ఎదురుగా కూర్చున్న గుమాస్తా. ప్రెస్సులో అందరికీ ఆయన బాబాయే. తరవాత గొంతు తగ్గించాడు. "పంపు దగ్గర చూశానమ్మా. ఎందుకలా కడిగేసుకుంటున్నావు?"

ఆమె చెప్పింది. ఆయన మూలప్రతి పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాడు.

"సరే, తరవాతి వరుస చదువు," అన్నాడు చివరికి.

మూడింటికి, పగలు అక్కను కనిపెట్టుకుని ఉండే పక్కింటావిడ ఫోను చేసింది. "మంచినీళ్లు కావాలందమ్మా. తెచ్చేసరికే..."

అక్క పోయిన పదకొండో రోజుకు వేళ్లు మానాయి. మందేమీ పూయకుండానే. ఇక భయపడాల్సింది ఏదీ మిగల్లేదని చర్మానికి ఆమెకన్నా ముందే తెలిసిపోయింది. ఆ నున్నటి వేళ్లను తడుముకుంటే ఆమెకు సిగ్గేసింది, వాటి మీద కోపమొచ్చింది.

అక్క మంచం దుప్పటి మడతపెడుతుంటే తలగడ పక్కన డబ్బా చేతికి తగిలింది. మూత తీసి, కొత్త చర్మం వచ్చిన వేలిని మెల్లగా లోపల పెట్టింది. గట్టి లేపనంలో అక్క వేలు గీరిన చార, చార చివర చిన్న గోటి నొక్కు.