గుండీల డబ్బాలో మాత్రలు

మా ఇంట్లో ఐదో తరగతి దాటినవాళ్ళు లేరు. మా ఆయన రెండు, నేను మూడు, కోడలు నాలుగు, మా అబ్బాయి ఐదు. అందరివీ కలిపితే పద్నాలుగు. మా మనవరాలు ఒక్కతే పన్నెండు చదివింది. "ఇంకో రెండు చదివావంటే మా నలుగురికీ సమానమైపోతావే" అని వాళ్ళ తాత ఏడిపిస్తుంటాడు.

దాన్ని పిడుగు అంటాం. చిన్నప్పుడు కుట్టుమిషను కింద దూరి, తొక్కుతుంటే పెడలు పట్టుకుని ఆపేసేది. వాళ్ళ నాన్న ఎన్ని బొబ్బలు పెట్టినా వినేది కాదు. ఇప్పుడు నెమ్మదస్తురాలే కానీ పేరు మాత్రం పోలేదు.

మాది దర్జీ కొంప. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. మా ఆయన కత్తిరిస్తాడు, అబ్బాయి మిషను తొక్కుతాడు, కోడలు కాజాలు కుడుతుంది, నేను గుండీలు, హుక్కులు. బళ్ళు తెరిచే ముందు నెల మాకు ఊపిరాడదు. ఊళ్ళో పిల్లల చొక్కాలన్నీ మా గదిలోనే పడుంటాయి.

సరిగ్గా ఆ నెలలోనే నర్సింగు కాలేజీ ఫారం తెచ్చింది మా పిడుగు. ముందువైపంతా గళ్ళు, అవి నింపడం తేలికే. వెనకవైపు మాత్రం అర్ధపేజీ ఖాళీ. దాని పైన ఒకటే వాక్యం: నర్సు ఎందుకు కావాలనుకుంటున్నారో మీ మాటల్లో రాయండి. ఉన్నవి నలభై సీట్లు. మార్కుల్లో మా పిల్ల సరిగ్గా అంచు మీద ఉంది. ఆ అర్ధపేజీ చూసి ఇంటర్వ్యూకి పిలిచి, దాని మీదే ప్రశ్నలడుగుతారట. లోపలికి లాగినా బయటికి తోసినా అదే.

మూడు రోజులు రాసింది, చింపింది. మిషను కింద గుడ్డపీలికల కన్నా దాని కాగితం ముక్కలే ఎక్కువైపోయాయి. ఇలా కాదని మా అబ్బాయి వెళ్ళి జిరాక్సు కొట్టతన్ని అడిగి ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"ఇది రాసినవాళ్ళలో ముగ్గురికి సీట్లొచ్చాయట. కళ్ళు మూసుకుని దించెయ్."

పిల్ల పైకి చదివింది. దీపంలా వెలుగుతాను, దేవతలా సేవిస్తాను, కన్నీళ్ళు తుడుస్తాను అని ఉంది. మా ఆయన కత్తెర పక్కన పెట్టి విన్నాడు.

"రెడీమేడురా ఇది. భుజాల దగ్గర కుదర్లేదు" అన్నాడు.

"మీరూరుకోండి నాన్నా, సీటు రావద్దా?"

అప్పుడు పిడుగు నా వైపు తిరిగింది. "నాన్నమ్మా, జరిగింది రాయనా?"

నా చేతిలో సూది ఆగిపోయింది. ఏం జరిగిందో నాకు తెలుసు, దానికీ తెలుసు. మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఈ వీధిలో ఇంకెవరికీ తెలియదు.

అప్పటికి ఐదేళ్ళ కిందటి సంగతి. మా ఆయనకి షుగరు, దాంతోపాటు ఇంకేవో రెండు మూడు జబ్బులు. మాత్రలివ్వడం నా పని. మా పనిలో గుండీలు అట్టకి కుట్టి వస్తాయి. తేగానే అట్ట నుంచి ఊడదీసి, సైజు సైజూ రంగు రంగూ వేరు చేసి గళ్ళ డబ్బాలో పోసుకుంటాం. లేకపోతే పని సాగదు. నలభై ఏళ్ళుగా అదే అలవాటు. మాత్రలు ఇంటికొచ్చినా నా చేతులు అదే చేశాయి. రేకుల్లోంచి అన్నీ వొలిచేసి, ఒక కొత్త గుండీల డబ్బాలో గడికొక రకం పోసి పెట్టాను. పెద్ద తెల్లది రోజుకొకటి, అది షుగరుది. చిన్న తెల్లది రోజుకి మూడు. ఏడాది పాటు ఒక్కరోజు తప్పలేదు. లోపల్లోపల గర్వం కూడాను, ఎంత చక్కగా సర్దుకున్నానో అని.

ఒక నెల మందులకొట్టులో వేరే కంపెనీవి ఇచ్చారు. ఈసారి షుగరుది చిన్నది, ఆ రెండోది పెద్దది. నేను మామూలుగానే వొలిచేసి, చిన్నది చిన్నవాటి గడిలో, పెద్దది పెద్దవాటి గడిలో పోశాను. రోజుకొకటి వెయ్యాల్సిన షుగరు మాత్ర మూడేసి వేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒక చొక్కా చెయ్యి కత్తిరిస్తూ కత్తిరిస్తూ మా ఆయన బల్ల మీద వాలిపోయాడు. ఒళ్ళంతా చెమటలు, మాట లేదు. మా అబ్బాయి ఎత్తుకుని ఆటోలో వేసుకెళ్ళాడు. ఆసుపత్రిలో సూది వేసి, గ్లూకోజు ఎక్కించి, ఎలాగో మనిషిని నిలబెట్టారు. పడిపోవడంలో తుంటికి దెబ్బ తగిలి పదకొండు రోజులు మంచం దిగలేదు.

పెద్ద డాక్టరు వచ్చి, "చదువూసంధ్యా లేనివాళ్ళ చేతికి మాత్రలిస్తే ఇంతే" అని అందరి ముందూ అనేసి వెళ్ళిపోయాడు. తప్పు నాదే కదా, ఏమంటాను? గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి ఒక నర్సమ్మ వచ్చింది. గుండెల దగ్గర తలకిందులుగా ఒక గడియారం పిన్ను పెట్టుకునేది, మేం గడియారం నర్సమ్మ అనేవాళ్ళం. లావుపాటి మనిషి, నడుస్తుంటే ఆయాసం. వస్తూనే స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

"అమ్మా, ఇంట్లో మాత్రలు ఎలా ఇస్తారో నాకోసారి చేసి చూపించండి" అంది.

ఏం చూపించను? పిడుగుని ఇంటికి పంపి డబ్బా తెప్పించాను. అప్పుడు దానికి పదమూడేళ్ళు. నేను మూత తీసి గడి గడీ చూపిస్తుంటే నర్సమ్మ ఒక్క మాటకీ మధ్యలో అడ్డురాలేదు, నవ్వలేదు. అంతా అయ్యాక, "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారమ్మా! మీ పద్ధతి గుండీలకి మంచిదే. మాత్రలు మాత్రం రేకులోంచి బయటికి తియ్యకూడదు, అంతే" అంది.

అక్కడే కూర్చుని ఉపాయం చెప్పింది. మందుకొక చిన్న గుడ్డసంచి. రోజుకొకటైతే దాని మీద ఎర్రదారంతో ఒక కుట్టు, మూడైతే మూడు కుట్లు. రేకు రేకుగానే సంచిలో పెట్టాలి. కొత్త మందు తెచ్చినప్పుడల్లా పాతరేకూ కొత్తరేకూ పక్కపక్కన పెట్టి పిల్ల చేత పేరు చదివించాలి. పిడుగు ఆ మంచం పక్కనే కూర్చుని నాలుగు సంచులు కుట్టింది. నర్సమ్మ ఆ మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది: "చేసి చూపించండి." తాళం వేసే మనిషిలా ఒకటికి రెండుసార్లు లాగి చూసుకునేది. మిగతా మంచాల దగ్గరా అదే మాట. పిడుగు ఆవిడ వెనకాలే మంచం మంచానికీ తిరిగేది, పొమ్మన్నా పోయేది కాదు.

ఇంటికొచ్చాక నేను వీధిలో అందరికీ ఎండదెబ్బ అని చెప్పాను. అందరూ నమ్మారు. మా ఆయన కూడా ఎండదెబ్బే అన్నాడు నాకోసం.

అందుకే రాయనా అని అది అడిగితే, "వద్దు" అన్నాను. "నాన్నమ్మ తాతని చంపబోయిందని పదిమందీ చదువుకుంటారా? నేను రేపు వీధిలో ఎలా తిరగను?"

అలిగితే బతిమాలేదాన్ని, తిడితే తిట్టేదాన్ని. అది మాత్రం తిన్నగా వెళ్ళి దీపమూ దేవతా రాయడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్న కాజాలు కుడుతున్న కోడలు దాన్ని ఒప్పజెప్పమంది. పిల్ల గోడకి ఆనుకుని బళ్ళో పద్యంలా గడగడా చెప్పింది.

"బాగానే ఉంది కానీ, దీపంలా వెలగడమంటే ఏం చెయ్యాలే?" అంది కోడలు.

"ఏమోనమ్మా."

"వాళ్ళడిగితే?"

"ఏమో."

దాని మొహం చూడలేకపోయాను. పదకొండు రోజులు మంచం మంచానికీ తిరిగిన పిల్ల, దాని దగ్గర చెప్పడానికి ఏమీ లేనట్టు నిలబడింది. ఉన్నదంతా నేను నోరు మూయించేశాను మరి.

"కొత్త కాగితం తియ్యవే. నేను చెప్తాను, రాయి" అన్నాను.

"వద్దులే నాన్నమ్మా."

"రాయంటుంటే! ఇంకోటి, నీకు తెలియనిది కూడా ఉంది. కంపెనీ మారిందని మందులకొట్టతను నాకు చెప్పాడు. చీటీ చూపించి మరీ చెప్పాడు. అర్థమైందామ్మా అన్నాడు. నేను తలూపాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనకాల అంతమంది నిలబడ్డారు, మళ్ళీ అడగడానికి సిగ్గేసింది."

మిషను ఆగింది. మా ఆయన మాత్రం గుడ్డ మీద సుద్దగీత గీస్తూనే, "నాకు తెలుసులేవే" అన్నాడు. "ఆ కొట్టతను అప్పుడే చెప్పాడు."

ఐదేళ్ళు! ఒక్కసారి కూడా నోరు జారలేదు మహానుభావుడు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. పిడుగు మాత్రం రాయడం మొదలుపెట్టింది, ఈసారి చింపలేదు.

ఇంటర్వ్యూకి నేనే వెళ్ళాను దానితో. మిగతావాళ్ళకి చొక్కాల గొడవ. లోపల పెద్ద బల్ల వెనక ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టావిడ, ఆవిడే పెద్ద. పెద్దవాళ్ళు కూడా కూర్చోవచ్చంటే ఒక మూల కుర్చీలో ఒదిగి కూర్చున్నాను.

"ఇది నిజంగా జరిగిందా, ఎవరైనా రాసిచ్చారా?" అంది తెల్లజుట్టావిడ.

"జరిగింది మేడమ్. ఆ నాన్నమ్మ ఈవిడే."

ముగ్గురూ నా వైపు తిరిగారు. భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

"అయితే మీ నాన్నమ్మ పొరపాటు చూసి నర్సు కావాలనుకున్నావు."

"కాదు మేడమ్. మా నాన్నమ్మని డాక్టరుగారు అర్థమైందా అన్నారు, చీటీ రాసిచ్చిన కాంపౌండరుగారు అర్థమైందా అన్నారు, మందులకొట్టతను అర్థమైందా అన్నాడు. ముగ్గురికీ అర్థమైందనే చెప్పింది. నాలుగో ఆవిడ మాత్రం చేసి చూపించమంది. నేను ఆ నాలుగో ఆవిడలా ఉందామని."

"ఈ పనంటే అదొక్కటే కాదమ్మాయ్. ఒళ్ళు తుడవాలి, మలమూత్రాలు ఎత్తాలి, తిట్లు పడాలి."

"తాతయ్యకి పదకొండు రోజులు అవన్నీ చేశాం మేడమ్. తిట్లయితే ఇప్పటికీ పడుతున్నాం."

పక్కనున్నావిడ టీ పొరబోయి దగ్గింది. తెల్లజుట్టావిడ నవ్వలేదు. నా వైపు తిరిగి గబగబా చెప్పడం మొదలుపెట్టింది: సీటొస్తే పది రోజుల్లో బడి నుంచి ఫలానా కాగితం, ఫలానా పరీక్ష, టీకాల చీటీ, హాస్టలుకి తండ్రి సంతకం, ఒకటి తక్కువైనా సీటు పక్కవాళ్ళకి పోతుంది. "అర్థమైందామ్మా?"

నేను తలూపాను.

"మేడమ్, ఏమీ అనుకోకండి" అంది మా పిడుగు. "ఆవిడకి అర్థం కాలేదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కిందనుంచి దాని కాలు తొక్కాను. తెల్లజుట్టావిడ కళ్ళజోడు తీసింది. "నీకెలా తెలుసు?"

"రెండుసార్లు తలూపింది మేడమ్. అర్థమైతే ఒకసారే ఊపి, ఎదురుప్రశ్న వేస్తుంది."

అయిపోయింది సీటు అనుకున్నాను.

"అయితే నువ్వు చెప్పు" అంది ఆవిడ.

పిడుగు కుర్చీ నా వైపు తిప్పుకుంది. నా చెయ్యి తీసుకుని, వేలికొక కాగితం చొప్పున చెప్పింది. బడిది బొటనవేలు, పరీక్షది చూపుడువేలు, అలా నాలుగు. "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అంది. రెండు చెప్పి టీకాల దగ్గర ఆగిపోయాను. విసుక్కోలేదు, అందించనూ లేదు. మళ్ళీ మొదటి వేలు నుంచి మొదలుపెట్టింది. రెండోసారి నాలుగూ చెప్పి, "టీకాలు చిన్నప్పటివా, ఇప్పుడు మళ్ళీ పొడిపించాలా?" అని అడిగాను.

"ఎదురుప్రశ్న వచ్చింది మేడమ్" అంది పిడుగు.

తెల్లజుట్టావిడ ఆ అర్ధపేజీ మీద ఏదో రాసుకుంది. "శుక్రవారం లిస్టు పెడతాం, వెళ్ళిరండి" అని ఊరుకుంది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

శుక్రవారం కాలేజీ గోడ దగ్గర తొక్కిసలాట. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి తను దూరింది. నాకు దాని జడ ఒక్కటే కనిపిస్తోంది. ఎంతసేపటికీ రాదే! ఉంటే ఎగరాలి, లేకపోతే ఏడవాలి, ఈ నిలబడ్డమేమిటి?

"ఏమే, ఉందా లేదా?" అని అందరూ తిరిగి చూసేలా అరిచాను.

"ఉంది నాన్నమ్మా, ముప్పై ఎనిమిదోది! కాస్త ఆగు" అంది, వెనక్కి తిరక్కుండానే.

ఎందుకు ఆగాలో గుంపు పలచబడ్డాక తెలిసింది. ఎవరో అమ్మాయి గోడకి ఆనుకుని కూలబడి ఉంది. దాని నంబరు లేదో, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదో, మొహం తెల్లగా పాలిపోయింది. మా పిల్ల దాని ముందు గొంతుక్కూర్చుని మణికట్టు పట్టుకుని ఏదో అడుగుతోంది. ముప్పై ఎనిమిదో నంబరు సంగతే మర్చిపోయింది.

నేను లేచి, నా సంచిలోని నీళ్ళసీసా పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళాను.