మానిఫోల్డు ప్యాకింగు, సక్రి తలనొప్పి

హాతీరాం సెకండ్ హ్యాండు కారు కొన్నది ఒక్క భార్య సక్రి కోసమే. పెళ్లయిన నాటి నుంచి బైకు వెనక ఎండకు ఎండి, వానకు తడిసిన మనిషి. ఇకనైనా అద్దాలెత్తుకుని దర్జాగా కూర్చోవాలని అతని కోరిక. ఎండాకాలమంతా గాలికి అద్దం దించుకునైనా కూర్చుంది. వానలు పట్టాక మాత్రం మొండికేసింది.

"నీ కార్ల కూసుంటే నా తలకాయ పలుగుతుంది. నేను ఆటోల పోత."

ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట వాళ్ల తండా. ఎర్రుపాలెం దగ్గర ఉండే సక్రి చెల్లెలు ద్వాలి, తీజ్ పండుగకు రమ్మని ఫోను చేసింది. ఎల్లుండి పొద్దున్నే బయలుదేరాలి. భార్య ఆటోలూ బస్సులూ మారుతూ పోతుంటే, వెనక తానొక్కడే ఖాళీ కారు తోలుకుంటూ పోవాలా? ఆ ఊహకే హాతీరాంకు ముద్ద దిగలేదు. బొగ్గుబావి వర్క్‌షాపులో తనతో పాటు ఫిట్టరుగా చేసిన మొండయ్యను పిలిపించాడు.

చల్లగా ఉన్న ఇంజను స్టార్ట్ చేయగానే టిక్కు టిక్కుమని సప్పుడు. కాస్త వేడెక్కగానే తగ్గిపోయింది.

"టాపెట్ సప్పుడు తమ్మీ, లోపల వాల్వులు కొట్టుకునేది, ఏం గాదు," అని తేల్చేశాడు మొండయ్య. "సక్రి చెల్లెకు కారు మోజు తీరింది, గంతే."

గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్న సక్రి తలెత్తలేదు. "సప్పుడు సంగతి నాకు దెల్వదన్నా. కార్ల ఫ్యాన్ పెట్టంగనే పొగ కమురు వాసన మొకానికి కొడతది."

"మరి నాకెందుకు రాదే ఆ వాసన?" అన్నాడు హాతీరాం.

"నీ పక్క అద్దం ఎన్నడన్న మూసినవా? తంబాకు ఉమ్మనీకి సందు ఉంచుకుంటవాయె. వానకు నా అద్దం ఎత్తుకుంటే లోపల ఉడికేది నేను."

హాతీరాం చేతిలో పానా అలాగే ఆగిపోయింది. బావిలో దిగిన మొదటి రోజుల్లో పని చూసే పెద్ద సర్దారు చెప్పిన మాట గుర్తొచ్చింది: చెడు గాలి ముందు తల పట్టుకుంటుంది, తర్వాత నిద్ర పుచ్చుతుంది. బావిలో ఎవడైనా తల నొస్తుందంటే తట్ట పడేసి పైకి పట్టుకొచ్చేవాళ్లు. ఇంట్లో ఆడమనిషి అదే మాటంటే మాత్రం సాకు అనుకున్నాడు.

"అన్నా, మందం గుడ్డొకటి తీస్కొని సైలెన్సర్ మూతికి అడ్డం పట్టు."

మొండయ్య పట్టాడు. పొగకు దారి ఇరుకయ్యేసరికి ఇంజను పక్క నుంచి సుయ్యిమని వినపడింది. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, పైనున్న రేకు విప్పి చూస్తే మానిఫోల్డు చివర నల్లటి మసి చార. మానిఫోల్డంటే ఇంజను నుంచి వచ్చే పొగనంతా కూడగట్టి సైలెన్సర్‌కు పంపే ఇనుప గొట్టాల గుత్తి. దానికీ ఇంజనుకూ నడుమ, పొగ బయటికి కారకుండా ఉండేదే ప్యాకింగు. అది కాలి, ఒక మూల ఎగిరిపోయింది. అక్కడ కారిన పొగనే ఫ్యాను లోపలికి లాగుతోంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంక్రాంతి ముందు ఆ ప్యాకింగు వేసింది వాళ్లే. బావిలో నీళ్ల పంపులకు చేసినట్టే షీటు పరిచి, గుండు సుత్తితో అంచుల మీద కొట్టి కోసి, పేస్టు దట్టంగా పూసి, పానాకు పైపు తొడిగి ఇద్దరూ వేలాడి మరీ బిగించారు. ఆ వేళ ఎంత గర్వపడ్డారో!

"నీళ్ల పంపు ప్యాకింగు పొగ మంటకు ఆగుతదా? మన మొకాలకు బుద్ధి లేదన్నా."

"నీ మొకానికి అను తమ్మీ. నేను నువ్వు జెప్పినట్టే వేలాడిన."

నట్లకు ఆయిలు కొట్టి నాననిచ్చి, హాతీరాం కొత్తగూడెం పోయి ఆ కారుకే సరిపడే ప్యాకింగు తెచ్చాడు. పల్చటి ఉక్కు రేకులు పొరలు పొరలుగా ఉన్నాయి. కొత్త నట్లు కొన్నాడు, సరిపడా బిగువు రాగానే టక్కుమనే టార్క్ రెంచిని దుకాణంలోనే కిరాయికి పట్టుకున్నాడు.

మర్నాడు మానిఫోల్డు ఊడదీశారు. ఇంజను ముఖం అల్యూమినియం కాబట్టి గీతలు పడకుండా మెల్లగా తుడిచారు. స్టీలు స్కేలు ఆనించి, వంకర లేదని చూసుకున్నారు.

"గింత పల్చటిదా! జెర పేస్టు పూద్దాం," అన్నాడు మొండయ్య.

"వద్దన్నా. దీన్ని పొడిగనే పెట్టాలె. ఆ పైపు కూడ ఇంట్ల పెట్టిరా."

నడిమి నట్టుతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి, ఒక్కో విడత కొంచెం కొంచెంగా చివరల దాకా బిగించారు. టార్క్ రెంచి టక్కుమనగానే హాతీరాం చెయ్యి తీసేవాడు. ఆ టక్కుమన్నప్పుడల్లా ఇంకో చుట్టు తిప్పాలని అరచేతులు దురద పెట్టాయి. ఓర్చుకున్నాడు. స్టార్ట్ చేస్తే టిక్కుమనలేదు. గుడ్డ అడ్డం పెట్టినా సుయ్యిమనలేదు.

"చూద్దాం," అంది సక్రి.

పండుగకు బయలుదేరిన పొద్దున ముసురు. సక్రి అరిసెల డబ్బా వెనక సీట్లో పెట్టి, ముందు కూర్చుని, అద్దం ఎత్తింది. హాతీరాం జేబులోని తంబాకు పొట్లం తీసి డ్యాష్‌బోర్డు గూట్లో పెట్టాడు. ఎన్నడూ లేనిది, తన పక్క అద్దం కూడా పూర్తిగా ఎత్తాడు. ఏ గాలైనా ఇద్దరూ పీల్చాల్సిందే.

కారు కొత్తగూడెం దాటింది. ఒక మలుపులో చూస్తే సక్రి తల పక్కకు వాలి ఉంది. కళ్లు మూతలు పడ్డాయి.

నిద్ర పుచ్చుతుందన్న సర్దారు మాట హాతీరాంకు మెదిలింది. బండి పక్కకు ఆపి, వానలోనే చుట్టూ పరుగెత్తి ఆమె పక్క డోరు తెరిచాడు.

"సక్రీ! ఓ సక్రీ! తల నొస్తుందా?"

సక్రి ఉలిక్కిపడి లేచింది. "ఏందయ్యా నీ లొల్లి! రాత్రంత అరిసెలు కాల్చుకుంట కూసున్న, నిద్ర రాదా?"

"వాసన? వాసనేమన్న వస్తుందా?"

సక్రి ముక్కుపుటాలెగరేసి మెల్లగా పీల్చింది. "వస్తుంది."

అతను బానెట్ వైపు పరుగు తీయబోయాడు.

"అరిసెల వాసన. ఆకలైతుంది, డబ్బా ఇటందియ్యి." అని, తడిసిన అతని తలను కొంగుతో ఒకసారి తుడిచి, "జల్దీ ఎక్కు. వాన లోపలికి కొడుతుంది," అంటూ డోరు వేసేసుకుంది.