గంగన్న ఆకురాయి

ఎడపల్లి రోడ్డు మీద మోటార్లు బాగుచేసే గంగన్నకు లోకంలో ఇద్దరంటేనే గౌరవం. ఒకరు తనకు పని నేర్పి చచ్చిపోయిన ఉస్తాదు, ఇంకొకరు తను. మిగతావాళ్లంతా ఆయన లెక్కలో తిండికి తిమ్మరాజులు, పనికి పోతురాజులు. చెరకు రైతు పంపు తెచ్చి "గంగన్నా, నీళ్లు ఎత్తుతలేదే" అంటే ముందు రైతును తిట్టి, తర్వాత రైతు తండ్రిని తిట్టి, అప్పుడు గానీ పానా పట్టేవాడు కాదు. అయినా జనం వచ్చేవాళ్లు. పాలిచ్చే బర్రె తన్నినా పడాల్సిందే కదా.

ఇక ఇల్లరికపు అల్లుడు ఆత్మారాం సంగతి చెప్పనే అక్కర్లేదు. ధర్మాబాద్ వైపు మనిషి. నోట్లో నాలుక లేదు, చేతిలో కొలువు లేదు. అతను కంచం ముందు కూర్చున్నప్పుడల్లా గంగన్న "తిను అల్లుడా, తిను. మామ ఉన్నడు గదా!" అని ముద్దకొక మాట వడ్డించేవాడు. కూతురు కమల గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకునేది.

గోదావరి పుష్కరాలు వస్తున్నాయనగా కమలకు ఒక ఆశ పుట్టింది. పోచంపాడులో పడవలు తిప్పే భోజన్న, మునిగేవాళ్లను కాపాడే పనికని బొంబాయి నుంచి పాత వాటర్ స్కూటరు ఒకటి కొనుక్కొచ్చాడు. మోటారు పడవలకున్నట్టు దానికి బయట పంకా ఉండదు. కడుపులో ఒక గొట్టం, ఆ గొట్టంలో పంకా. అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుకు బండి ముందుకు దూకుతుంది. దాన్ని నడపడం ఆత్మారాం చూస్తుండగానే పట్టేశాడు. అధికారుల ముందు బండి నెగ్గితే అతనికి కొలువు, డ్యాం దగ్గర ఉండడానికి ఒక గది.

"బాపు, నా పొయ్యి నేను ముట్టిచ్చుకుంట. గా బండొక్కటి మంచిగ సేసియ్యి," అని కమల తండ్రిని బతిమాలింది.

పంకా గొట్టానికి రాసుకుని గరగరమంటోందని భోజన్న బండిని గంగన్న దుకాణానికే పంపాడు. గంగన్న పంకా విప్పి చూసి పెదవి విరిచాడు.

"థూ, బొంబాయోని అకల్! రెక్కకు, గోడకు నడుమ వెంట్రుక పట్టే సందు లేదు. ఇసుక వస్తె యాడికెల్లి పోవాలె?"

ఇసుక లాగే బోరు పంపులకు ఆయన ఎప్పుడూ చేసే వైద్యమే దీనికీ చేశాడు. ఆత్మారాం చేత పంకా పట్టించి, ఆకురాయితో రెక్కల అంచులన్నీ రాకి అరగదీశాడు. తిరిగి బిగించి వేలితో తోస్తే పంకా బొంగరంలా తిరిగింది. గంగన్న మీసం దువ్వుకున్నాడు.

ముందు రోజే ఆత్మారాం బండి వెంట వెళ్లాడు. పరీక్ష రోజు పొద్దున్నే పోచంపాడు నుంచి కబురు. బండి అరుస్తోందట గానీ కదలడం లేదట. గంగన్న పానాల సంచీ వేసుకుని బస్సు దిగుతూనే అల్లుడి మీద పడ్డాడు.

"నడిపేటోడు నడిపితె నడుస్తది. బర్రె మీద కూసున్నట్టు కూసుంటె ఏం నడుస్తది?"

బండిని ఒడ్డున పక్కకు ఒరిగించి, అడుగున నీళ్లు పీల్చే చోట ఉన్న జాలీ చూశాడు. నాచు, తెగిన వల పోగులు దొరికాయి. పీకేసి నీళ్లలోకి తోస్తే మళ్లీ అదే తంతు. "గాలి గుంజుతున్నది," అని తేల్చాడు. పంపు గాలి పీలిస్తే మన రైతులు అతుకుకు పేడ మెత్తుతారు. గంగన్న పెద్దమనిషి కనుక గ్రీజు, జనపనార దట్టించాడు. బండి కదల్లేదు. ఇంజన్ను అనడానికి లేదు, అది ఎద్దులా రంకె వేస్తోంది. "మామ సొమ్ము తిని బరువెక్కినవు, నిన్నెట్ల మోస్తది?" అన్నాడు అల్లుణ్ణి. పడవలవాళ్లు నవ్వారు.

చివరికి తోపు ఎంతుందో చూద్దామని బండిని తాడుతో ఒడ్డున ఉన్న రాతిగుండుకు కట్టి నడపమన్నాడు. తాడు బిగియనే లేదు. నీళ్లు వెనక్కి చిమ్మకుండా గొట్టంలోనే తుకతుక ఉడుకుతున్నాయి. గంగన్న ఇంజను ఆపించి, జాలీ విప్పి, చెయ్యి లోపల పెట్టాడు. రెక్కకు, గోడకు నడుమ గోరు దూరింది. చుట్టూ జరిపి చూశాడు. చుట్టూ దూరింది.

తోసిన నీళ్లు తోసినట్టే ఆ సందులోంచి వెనక్కి జారుతున్నాయి. బోరు పంపుకు ఆ సందు మేలు. ఈ పంకాకు గోడను ఆనీ ఆననట్టు తిరగడంలోనే బలమంతా ఉంది. ఆ బలాన్ని గంగన్న తన దుకాణంలో కూర్చుని, బొంబాయివాణ్ణి తిట్టుకుంటూ, పొడి చేసి ఊడ్చి పారబోశాడు.

తలెత్తితే ఆత్మారాం ఆ గోరునే చూస్తున్నాడు. ఆకురాయి కింద పంకా పట్టుకున్నవాడు, అతనికీ అర్థమైంది. అప్పటికే కట్ట మీద అధికారుల జీపు ఆగింది.

"ఏమాయె గంగన్నా? జల్ది సెప్పు," అన్నాడు భోజన్న.

గంగన్న సంచీలో పానా వెతకసాగాడు.

"తప్పు నాదే సేటు," అన్నాడు ఆత్మారాం. "నిన్న రాళ్ల మీదికెల్లి తోలిన. గులకరాళ్లు గుంజుకుని పంకా అరిగింది."

భోజన్న కాండ్రించి ఉమ్మాడు. "గీనికా నేను కొలువిస్తనన్నది! గంగన్నా, నీ మొకం సూసి రానిచ్చిన. తీస్కపో వీన్ని."

అప్పుడైనా చెప్పొచ్చు. గంగన్న చెప్పలేదు. రైతులు పెట్టిన పంపుల డాక్టరన్న పేరు అడ్డమొచ్చింది. జాలీ బిగించి, చేతులు కడుక్కున్నాడు. పిరికివాళ్లకు ఆయన ఎన్ని పేర్లు పెట్టేవాడో! ఒక్కటీ గుర్తుకు రాలేదు.

వాళ్లకంటే ముందే కబురు ఇల్లు చేరింది. కమల మొగుడి ముందు కంచం పెట్టలేదు, విసిరింది.

"తిను, తిను. మామ ఉన్నడు గదా! బాపు బంగారమసొంటి పని సేసిస్తె రాళ్ల మీదికెక్కిస్తివి. థూ, నీ బతుకు!"

మాటలు గంగన్నవి. ఆ పెదవి విరుపు కూడా ఆయనదే. ఆత్మారాం తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. గంగన్న చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు.

"వాన్నెందుకంటవే? పంకా రాకింది నేను. బండిని ఖరాబ్ సేసింది నేనే."

కమల తండ్రి వైపు చూసింది. ఆమె కళ్లు నిండాయి.

"సూడు," అంది మొగుడితో. "గింత సేసినా నిన్ను ఎనకేసుకొస్తున్నడు. గసొంటి మనిషిని పదిమందిల తల దించుకునేటట్టు సేస్తివి."

"నిజంగనే బిడ్డా, నా ఆకురాయితోని..."

"నువ్వూకో బాపు. నీ గుణం నాకెరుక లేదా?" అని, కమల తండ్రి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.