అద్దం ఎవరు వదిలారు

అన్నయ్యను ఆ మీటింగుకి తీసుకెళ్లింది నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరేం చెప్పినా మొదలు మాత్రం ఇదే.

మాది అద్దాల షాపు. కిటికీలకు, అల్మారాలకు అద్దాలు కోసి బిగిస్తాం. పెద్ద పలక మోసేటప్పుడు మాకో పద్ధతుంది. ముందు పట్టుకున్నవాడు "ఉందా?" అని అడుగుతాడు. వెనకవాడు చేతికి పట్టు కుదిరాక "ఉంది" అంటాడు. ఆ మాట వినపడందే అడుగు పడదు. అది నాన్న నేర్పిన పద్ధతి.

పోయిన నెల ఒక నిలువుటద్దం మోస్తుంటే కిందపడింది. అన్నయ్య ముందు, నేను వెనక. అక్కడే గెంతుతున్న అన్నయ్య కూతురి పాదం తెగి కుట్లు పడ్డాయి. ఒక చోట నిలవదని ఆ పిల్లను ఉడత అంటాం. ఇప్పుడు కుంటుకుంటూ నడుస్తోంది. అద్దం వదిలింది అన్నయ్యే. ఆయనది మధ్యాహ్నం నుంచే మొదలయ్యే తాగుడు. నాదేముంది, పనయ్యాక ఏదో కాస్త.

వదిన ఆ రోజు అరవలేదు. "తాగిన చెయ్యి ఇక నా పిల్లను ముట్టుకోకూడదు" అంది, అంతే. చిత్రమేమిటంటే, ఆ మర్నాటి నుంచి ఉడతను నాకు కూడా ఇవ్వడం మానేసింది. రోజూ భుజానికెత్తుకుని స్కూల్లో దింపేది నేనే. మొగుడి మీద కోపం మరిది మీద చూపిస్తోందనుకున్నాను. ఒళ్లు మండింది. పిల్ల లేక నాకు పొద్దు గడవడం లేదు.

ఆ తర్వాత ఒకరోజు వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది. "తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటుందట. మీ అన్నయ్య తన కోసమంటే కదలరు. నీ కోసమే వెళ్తున్నట్టు చెప్పి తీసుకెళ్లు. మానితే గానీ పిల్లను ఇవ్వను."

మొహం వేలాడేసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్లి, "నాకు తోడు రావా" అన్నాను. బతిమాలాల్సి వస్తుందనుకున్నాను. "పద" అని చొక్కా వేసుకున్నాడు. నా నటన మరీ బాగుందేమో అనుకున్నాను.

ఆ చోటు దొరకడానికి తాతలు దిగొచ్చారు. బోర్డు లేదు. టైర్ల షాపతన్ని అడిగాను, "ఇక్కడ మీటింగు జరుగుతుందట, ఎక్కడండీ?"

"ఏ మీటింగు?"

"అదే, కూర్చుని మాట్లాడుకునేది."

"మాట్లాడుకోడానికి మీటింగెందుకండీ?" అన్నాడతను. ఇంతలో అన్నయ్య నా మోచెయ్యి పట్టుకుని పక్కసందులోని మెట్ల వైపు నడిపించాడు. దారి ఆయనకెలా తెలుసో అర్థం కాలేదు.

పైన ట్యూషన్లు చెప్పే గది. గోడ మీద ఎక్కాలు, మధ్యలో పొడవాటి బల్ల, చుట్టూ ఏడెనిమిది మంది. ఒక బస్సు కండక్టరు టీ పోస్తున్నాడు. అందరికీ గ్లాసు నిండా పోసి నాకు మాత్రం సగమే పోశాడు. అన్నయ్యకూ సగమే. కొత్తవాళ్లంటే ఇంత లోకువా అనుకున్నాను. గ్లాసు ఎత్తాక చూస్తే, ఆ సగమే అంచుదాకా ఊగుతోంది. ఒలికిపోకుండా రెండో చెయ్యి కూడా వేయాల్సి వచ్చింది.

అందరికీ పెద్దదిక్కులా ఉన్న ఒక నర్సమ్మ మా వైపు తిరిగింది. "ఎవరి కోసం వచ్చారు?"

"వీడి కోసం" అన్నాడు అన్నయ్య.

"ఈయన కోసం" అన్నాను నేను.

అన్నయ్య నవ్వాడు. "వీడలాగే అంటాడని మా ఆవిడ ముందే చెప్పిందండీ. వీడు పరువుకి పోతాడు, మీరే తోడుండి తీసుకెళ్లండి అంది. దారి కూడా తనే చెప్పింది."

వదిన ఎవరికి ఎవరిని అప్పజెప్పింది? ఉక్రోషం ఆపుకోలేక, "అద్దం వదిలింది ఆయనండీ" అన్నాను. "వీడేనండీ" అన్నాడు అన్నయ్య. అద్దం సంగతి, పిల్ల పాదం సంగతి, మా పద్ధతి అన్నీ ఒకరి మాట మీద ఒకరం చెప్పాం. ఎవరూ అడ్డు రాలేదు, నవ్వలేదు.

అంతా విని నర్సమ్మ అన్నయ్యను అడిగింది. "ఆ రోజు మీరు 'ఉందా' అని అడిగారా?"

"అడిగే ఉంటానండీ" అన్నాడు అన్నయ్య.

"మీరు 'ఉంది' అన్నారా, బాబూ?"

అన్నాననే చెప్పబోయాను. వెతికితే గుర్తు రాదు. ఉడత కేక గుర్తుంది, నేల మీద గాజు ముక్కలు గుర్తున్నాయి. అంతకుముందు చేతుల్లో అద్దం బరువు ఎంత వెతికినా లేదు. నెల రోజులుగా అన్నయ్యే వదిలాడని ఊరంతా చెప్పుకుంటూ తిరిగింది నేనేనా?

"గుర్తు లేదండీ" అన్నాను. నర్సమ్మ తలూపి, పక్కాయన్ని మాట్లాడమంది. ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో నా బుర్రకెక్కలేదు.

మీటింగు అయ్యాక కండక్టరు మమ్మల్ని పిలిచాడు. "పొద్దున్నే పిల్లలొస్తారు. ఈ బల్ల గోడవారకు జరపాలి, చెరో పక్క పట్టండి."

అన్నయ్య ముందు నిలబడ్డాడు, నేను వెనక. నిలువుటద్దాలు మోసిన మాకు ఆ చెక్కబల్ల ఒక లెక్కా. అంచు కింద వేళ్లు పెట్టాను.

"ఉందా?" అన్నాడు అన్నయ్య, వెనక్కి తిరక్కుండా.

ఉంది అన్న మాట నోటి చివరిదాకా వచ్చేసింది. ఏళ్ల తరబడి అలవాటైన మాట, చేతుల్ని అడక్కుండానే వస్తుంది. ఆ రోజూ అలాగే వచ్చి ఉంటుంది. వేళ్ల వైపు చూసుకున్నాను. బల్ల అంచు మీద అవి నిలవడం లేదు.

"లేదన్నయ్యా" అన్నాను. "ఎత్తకు."

అన్నయ్య బల్ల వదిలేసి, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "నాకూ లేదురా" అన్నాడు.